నాయన ఆపరేషన్: ముందు నాలుగు వారాలు, తర్వాత నలభై రోజులు

2022 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, మా నాయన ఇంటి ముందున్న మూడు మెట్లు ఎక్కి అరుగు మీద కూర్చుని ఆయాసపడటం చూశాను. పత్తికొండ దగ్గరి పల్లెలో నాలుగున్నర ఎకరాల మెట్ట సేద్యం చేస్తూ, అరవై ఆరేళ్ల వయసులోనూ టమాటా గంపలు తానే ఎత్తి ఆటోలో వేసే మనిషి ఆయన. నాలుగు నెలలుగా నీరసంగా ఉందంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ బలానికని సూదులు వేస్తూ వచ్చాడట. నేను ఉద్యోగం చేసే కర్నూలుకు తీసుకొచ్చి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4 ఉన్నట్టు తేలింది. ఈ వయసు మగవాడికి ఇంత రక్తం తగ్గిందంటే అది ఎక్కడికి పోతోందో వెతకాలని డాక్టరు గారు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష), ఆ తర్వాత సీటీ స్కాన్ రాశారు. పెద్దపేగుకు కుడివైపున గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అన్నారు. కాలేయానికీ ఊపిరితిత్తులకూ పాకలేదని చెప్పారు.

గడ్డ ఉన్న భాగాన్ని కోసి తీసేసి, మిగిలిన పేగును అతకాలన్నారు. రేపో ఎల్లుండో చేర్చుకుంటారని బట్టల సంచి సర్దుకుని పోయాం. సర్జన్ గారు గోడ మీది క్యాలెండర్ చూసి నాలుగు వారాల తర్వాతి తేదీ చెప్పారు. క్యాన్సర్ అని తెలిసిన మనిషిని నెల రోజులు ఇంట్లో ఎలా కూర్చోబెట్టుకుంటామని నేనూ మా అక్కా ఆయనతో దాదాపు గొడవకు దిగాం. ఆయన విసుక్కోలేదు. గడ్డ పేగును మూసేయలేదు కాబట్టి ఈ నెలలో కొంపలు మునగవనీ, ఇంత తక్కువ రక్తంతో, 8.2 ఉన్న మూడు నెలల సగటు షుగర్‌తో, నలభై ఏళ్ల బీడీ పొగతో ఇప్పుడే కోస్తే మాత్రం అతుకు మానకుండా విడిపోయే ప్రమాదం ఉందనీ చెప్పారు. "పేగును కోసి అతికించడం నా పని. ఆ అతుకు మానడం మీ నాయన ఒంటి పని. ఆ ఒంటిని తయారు చేసి తీసుకురండి" అన్నారు.

ఆ మాట మాకు కొత్త. మా అమ్మకు 2006లో గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు ఎవరూ ఇట్లా చెప్పలేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది, అది మా దాకా రాకముందే అమ్మ చెవికమ్మలు కుదువబెట్టి ఆపరేషన్ చేయించాం. రాత్రి ఎనిమిది నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టవద్దన్నారు. ముందున్న కేసు ఆలస్యమై అమ్మను లోపలికి తీసుకుపోయేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటికి పంతొమ్మిది గంటలుగా గుక్కెడు నీళ్లు లేవు, తడి దూదితో పెదవులు అద్దుతూ కూర్చున్నాం. ఆపరేషన్ తర్వాత వారం రోజులు మంచం దిగనివ్వలేదు. దిగితే కుట్లు తెగుతాయని మేమే కాపలా కాశాం. దగ్గు, జ్వరం, గాయంలో చీము, పద్నాలుగు రోజుల ఆస్పత్రి, మళ్లీ మనిషి కావడానికి మూడు నెలలు. ఆపరేషన్ అంటే ఇంతే కాబోలు అనుకున్నాం. ఎవరి మీదా కోపం కూడా రాలేదు.

నాయనకు ఇచ్చిన నాలుగు వారాల్లో రక్తం పెంచడానికి ఐరన్ మందును సెలైన్‌లో కలిపి రెండు విడతలుగా ఎక్కించారు. షుగర్ మాత్రలు మార్చారు. రోజుకు రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, సాయంత్రం గుప్పెడు ఉడికించిన పల్లీలు తినమన్నారు. పొద్దునా సాయంత్రమూ అరగంట నడవమన్నారు. ఇవన్నీ ఆయన మారుమాట లేకుండా చేశాడు. చిక్కంతా బీడీ దగ్గరే వచ్చింది. కనీసం నాలుగు వారాలు పొగ మానితే గాయం మానడంలోనూ ఊపిరితిత్తుల విషయంలోనూ మేలు కనిపిస్తుందని మత్తు డాక్టరమ్మ చెప్పారు, అంటే మాకున్న గడువు సరిగ్గా అంతే. మొదటి మూడు రోజులు నాయన ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు మా మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక నుంచి పొగ రావడం మా ఆవిడ చూసింది. నేను అరవలేదు. మర్నాడు మళ్లీ మత్తు డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయాను. ఆమె మూడు బంతులున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఆయన చేతికిచ్చి, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చమన్నారు. ఒక్క బంతి సగం దాకా లేచి పడిపోయింది. పక్కనే ఉన్న పన్నెండేళ్ల మా పాప మూడు బంతులూ లేపింది. నాయన ఆ పెట్టె వైపు చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రం జేబులోని కట్ట తీసి మా ఆవిడకు ఇచ్చేశాడు. మూడో వారానికి రెండు బంతులు పూర్తిగా లేపి, మూడోదాన్ని కదిలించే దాకా వచ్చాడు. హిమోగ్లోబిన్ 10.6కు చేరింది.

ఆపరేషన్ ముందు రోజు చేర్చుకున్నారు. ఆరోగ్యశ్రీ తరఫున ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర కాగితాలు చూసుకోవడంతో ఆ పథకం అనుమతి ముందే వచ్చి ఉంది. రాత్రి మామూలుగా భోజనం చేయమన్నారు. గట్టి ఆహారం ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు వరకు, నీళ్లవంటి తేట ద్రవాలు రెండు గంటల ముందు వరకు తీసుకోవచ్చని మత్తు డాక్టరమ్మ చెబితే, అమ్మ అనుభవం గుర్తున్న మా అక్క నమ్మలేదు. మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదనే కడుపు ఖాళీగా ఉంచమంటారనీ, మంచినీళ్లు కడుపులో అంతసేపు నిలవవనీ, గంటల తరబడి ఎండబెడితే ఒళ్లు తన కండను తానే కరిగించుకోవడం మొదలుపెట్టి, ఆపరేషన్ తర్వాత షుగర్ అదుపు తప్పుతుందనీ ఆమె వివరించారు. పొద్దున ఆరింటికి నాయనకు ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చాం. ఇక్కడ మనవాళ్లు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉంది. పక్క మంచం పెద్దాయనకు వాళ్ల కోడలు, నీళ్లే కదా అని పలచని మజ్జిగ పట్టింది. మజ్జిగైనా పాలు కలిపిన టీ అయినా పాల లెక్కే, అంటే గట్టి ఆహారంతో సమానం. ఆయన ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడింది. ఏది తాగవచ్చో ఏది తాగకూడదో మంచం దగ్గర తెలుగులో రాసి పెట్టి ఉంటే ఆ కుటుంబానికి ఆ పూట హైరానా తప్పేది.

థియేటర్‌లోకి పోయే దారిలో నాయనకు కోపం వచ్చింది. వార్డులో ఒకసారి, థియేటర్ గుమ్మంలో ఒకసారి, లోపల బల్ల మీద మరోసారి ఆయన పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ మందైనా పడదా అని అడిగారట. "ఒక పేరు గుర్తు పెట్టుకోలేనోళ్లు నా పేగు యాడుందో ఏం గుర్తు పెట్టుకుంటారు?" అని తర్వాత నాతో అన్నాడు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన తనిఖీ పట్టిక అని నేను చదివి తెలుసుకున్నాను. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగిని థియేటర్ దాటించకముందు, మూడుచోట్ల ఆగి మొత్తం 19 అంశాలు పైకి చదివి సరిచూసుకోవాలి. ఢిల్లీతో సహా ప్రపంచంలోని ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దాన్ని వాడి చూస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, చిక్కులు 11 నుంచి 7కు తగ్గాయని 2009లో ప్రచురించారు. కొత్త యంత్రమేదీ లేకుండా, ఒక కాగితాన్ని పైకి చదవడంతో వచ్చిన మార్పు అది. నాయనకు ఈ లెక్కలు చెబితే, "అట్లయితే పదిసార్లు అడగమను" అన్నాడు.

ఆపరేషన్ సంగతి నేను చెప్పగలిగింది తక్కువ. మూడున్నర గంటలు బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. చిన్న రంధ్రాల గుండా చేసి, బొడ్డు దగ్గర రెండంగుళాల కోతలోంచి పేగు ముక్కను బయటికి తీశారని చెప్పారు.

ఆ సాయంత్రమే సిస్టరమ్మ చెంచాతో నీళ్లు పట్టడం మొదలుపెట్టింది. ముక్కులో గొట్టం లేదు. మర్నాడు పొద్దున మూత్రపు గొట్టం తీసేసి, కుర్చీలో కూర్చోబెట్టాలన్నారు. నాయన మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని, "కుట్లు తెగిపోతే ఎవురు కుడతారు?" అన్నాడు. ఇరవై రెండేళ్లకు మించి ఉండని ఆ సిస్టరమ్మ, "పొలం గట్టు మీద నుంచి దిగినట్టు దిగొద్దు తాతా" అని, ఎలా లేవాలో నేర్పింది. ముందు పక్కకు తిరగాలి, రెండు కాళ్లూ మంచం కిందికి జార్చాలి, కింది మోచేతిని పరుపుకు ఆనించి దాని బలంతో నడుము పైన భాగాన్ని లేపాలి. నేరుగా వెల్లకిలా లేస్తే బరువంతా పొట్ట కండరాల మీద పడుతుంది. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండును రెండు చేతులతో పొట్టకు అదుముకుని దగ్గమంది. దిండు లేకుండా దగ్గిన మొదటిసారి నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దిండుతో దగ్గిన రెండోసారి కఫం వచ్చింది. అమ్మ వారం రోజులు నొప్పికి భయపడి మింగుకున్న కఫమే ఆమెకు జ్వరమై ముదిరిందేమోనని నాకు అప్పుడు తోచింది.

కుర్చీ తర్వాత నడక. వరండా పొడవు నలభై అడుగులుంటుంది. సెలైన్ స్టాండు నేను తోస్తుంటే, ఒక చేత్తో గోడ పట్టుకుని ఆ చివరికి పోయి వచ్చాడు. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోతాయనీ, పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చనీ చెప్పి, దానికి రోజూ ఒక సూది కూడా ఇస్తున్నారు. ఇవేవీ నాయనను కదిలించలేదు. ఆయనను కదిలించింది లెక్క. పోయి రావడాన్ని ఆయన ఒక సాలు అన్నాడు. మొదటి రోజు రెండు సాళ్లు, రెండో రోజు ఆరు, ఆ తర్వాత పక్క మంచాల వాళ్లు కూడా "ఇయ్యాల ఎన్ని సాళ్లు పెద్దాయనా?" అని అడగసాగారు. నొప్పి మందు విషయంలోనూ మాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని, తట్టుకోలేనప్పుడు అడగడం మన అలవాటు. ఇక్కడ నొప్పి ఉన్నా లేకున్నా వేళకు మందు ఇచ్చారు. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతో చెప్పమని పూటపూటా అడిగారు. నొప్పిని అణచేది ఆయన నడవడానికీ దగ్గడానికీ అని సిస్టరమ్మ చెప్పాక, సుఖానికి మందు అడగడం తప్పని భావించే మా నాయన నోట మొదటిసారి "ఆరు" అనే అంకె వచ్చింది.

రౌండ్స్‌కు వచ్చిన ప్రతి డాక్టరూ అడిగే ప్రశ్న ఒకటే, గాలి పోయిందా అని. పేగు కదలడం మొదలైందనడానికి అదే గుర్తు. పేగు త్వరగా మేలుకోవడానికి రోజుకు మూడుసార్లు చక్కెర లేని చూయింగ్ గమ్ నమలమన్నారు, తింటున్నానని పేగు భ్రమపడుతుందట. పంచె కట్టి, తలకు తుండు చుట్టుకుని, కళ్లు మూసుకుని చూయింగ్ గమ్ నములుతున్న మా నాయన ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. రెండో రోజు రాత్రి గాలి పోయింది. వార్డంతటికీ తెలిసింది.

అన్నీ సజావుగా సాగలేదు. మూడో రోజు ఇడ్లీ తిన్న గంటకు పొట్ట ఉబ్బి రెండు వాంతులయ్యాయి. తొందరపడి తినిపించినందుకే ఇట్లా అయిందని మా అక్క ఏడ్చింది. సర్జన్ గారు వచ్చి పొట్ట తట్టి చూసి, రక్తపరీక్ష పంపి, ఒక పూట నోటికి ఏమీ ఇవ్వకుండా ఆపారు. కొందరిలో పేగు కాస్త మొరాయిస్తుందనీ, అతుకు విడిపోయిన లక్షణాలు లేవనీ చెప్పి, నడక మాత్రం ఆపవద్దన్నారు. మర్నాటికి తగ్గింది. త్వరగా తినిపించి, త్వరగా నడిపించే ఈ పద్ధతిని పందెంలా పెట్టుకుని, పలానా రోజుకు పలానాది తినే తీరాలని పట్టుబట్టే ఆస్పత్రులు ఉంటే అది తప్పేనని నాకు అప్పుడు అనిపించింది.

ఆ రాత్రుల్లో నిద్రపట్టక నేను దీని గురించి చదివాను. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్, పెద్దపేగు ఆపరేషన్ అయిన వాళ్లు పది రోజులు ఆస్పత్రిలో ఎందుకు ఉండాల్సి వస్తోందని ప్రశ్నించుకుని, నొప్పి, ఉపవాసం, గొట్టాలు, పడక ఒక్కొక్కటిగా వాళ్లను పట్టి ఉంచుతున్నాయని గ్రహించి, వాటిని ఒక్కసారిగా మార్చి చూశారు. ఆ దారిలో నడిచిన యూరప్ సర్జన్లు 2001లో ఒక బృందంగా ఏర్పడ్డారు. ఈ పద్ధతిని ఇప్పుడు ఈఆర్‌ఏఎస్ (ఎన్‌హాన్స్‌డ్ రికవరీ ఆఫ్టర్ సర్జరీ, అంటే ఆపరేషన్ తర్వాత మెరుగ్గా కోలుకోవడం) అంటున్నారు. ఇందులో ఖరీదైన వస్తువు ఏమిటా అని వెతికితే నాకు పెద్దగా ఏమీ కనబడలేదు. నీళ్ల గ్లాసు, దిండు, కుర్చీ, గుడ్లు ఉన్నాయి. కరువైంది మనిషి. మా వార్డులో రాత్రిపూట ఇరవైకి పైగా మంచాలకు ఒక్క సిస్టరమ్మ ఉండేది. పగటి సిస్టరమ్మ నేర్పకపోతే, నేను పక్కన లేకపోతే, నాయనను ఎవరు లేపి నడిపించేవారు?

బంధువుల సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. నాలుగో రోజు ఊరి నుంచి పదకొండు మంది జీపులో వచ్చారు. ఐదుగురు మంచం మీదే కూర్చున్నారు, ఒకాయన కట్టు ఎత్తి చూడబోయాడు. ఆప్యాయతను కాదనలేం, చేతులు కడుక్కుని రమ్మని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ పని కూడా సిస్టరమ్మే చేసింది. వాళ్లతో వచ్చిన మా మేనత్త మాత్రం ఉండిపోయి, పథ్యం తన చేతుల్లోకి తీసుకుంది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద, కాబట్టి చారన్నమే పెట్టాలి అంది. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులన్నీ ఆమె నిషేధించిన జాబితాలోనే ఉన్నాయి. ఎంత చెప్పినా వినలేదు. చివరికి సర్జన్ గారు మందుల చీటీ తీసుకుని, మాత్రల పేర్ల కింద ఐదో వరుసలో "కోడిగుడ్లు, ఉదయం 1, రాత్రి 1, 30 రోజులు" అని తెలుగులో రాశారు. చీటీలో రాసింది కాబట్టి అది మందే అయింది. అత్త స్వయంగా ఉడకబెట్టి పెట్టింది.

ఆరో రోజు ఇంటికి పంపారు. ఇంత చక్కగా చూసిన ఆస్పత్రిలో మేం దెబ్బతిన్నది మాత్రం ఇక్కడే. కాగితాల కోసం పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా కూర్చున్నాం. చేతికొచ్చిన మూడు పేజీలూ ఇంగ్లీషులో ఉన్నాయి. మందులు వివరించిన కుర్రాడు రెండు నిమిషాల్లో ముగించాడు. ఆపరేషన్ కోసం ఆపిన షుగర్ మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితంలో లేదు, అడగాలని నాకూ తట్టలేదు. కొత్త చీటీలో లేదంటే మానేయమని కాబోలు అనుకుని నాయన మానేశాడు. తొమ్మిదో రోజుకు బొడ్డు దగ్గరి గాయం చుట్టూ ఎర్రబడి నీరు కారసాగింది. ఇచ్చిన నంబరుకు రాత్రి నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పొద్దున తీసుకుపోతే షుగర్ 312 ఉంది. రెండు కుట్లు విప్పి, నీరు తీసి, మాత్ర మళ్లీ మొదలుపెట్టి, పది రోజులు కట్టు మార్చారు. అదృష్టవశాత్తూ లోపలి అతుకుకు ఏమీ కాలేదు. నాలుగు వారాలు కష్టపడి దించిన షుగర్‌ను ఒక్క రాయని వాక్యం ఎక్కించిందని నేను సర్జన్ గారితో అన్నాను. ఆయన కాదనలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి తెల్ల అట్ట మీద నేనే తెలుగులో రాశాను. పాత మందుల్లో ఏవి కొనసాగాలి, ఏవి ఆగాలి, ఆగినవి ఏ తేదీన మొదలవ్వాలి, జ్వరం ఎంత దాటితే, కడుపు ఎట్లా ఉబ్బితే, గాయం ఎట్లా మారితే వెంటనే రావాలి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి. డ్యూటీ డాక్టరు నంబరు అడిగి తీసుకుని పెద్ద అక్షరాలతో వేశాను. ఆరు వారాలు బరువు ఎత్తకూడదన్నారు కాబట్టి టమాటా గంప బొమ్మ గీసి మా పాప దాని మీద అడ్డగీత కొట్టింది. తర్వాతి చూపుకు పోయినప్పుడు ఆ అట్టను సిస్టరమ్మకు చూపిస్తే ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

సేద్యగాడిని ఇంట్లో కూర్చోబెట్టడం తేలిక కాదు, అది వేసవి కావడం కొంత కలిసొచ్చింది. అప్పట్లో ఆరోగ్య ఆసరా అనే ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ తర్వాతి విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయల లెక్కన, నెలకు 5,000 మించకుండా ఇచ్చేవారు. ఆ డబ్బు ఖాతాలో పడ్డాక నాయన కూలికి మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. పేగు ముక్క రిపోర్టు కూడా వచ్చింది. దానితో పాటు తీసిన, క్యాన్సర్ పాకితే ముందుగా చేరే లింఫు గ్రంథులు పద్దెనిమిదిలో ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు, కీమో అక్కరలేదన్నారు. నలభయ్యో రోజున ఊరి బస్సు ఎక్కించాను.

పోయిన నెల మా చిన్నాయనకు హెర్నియా ఆపరేషన్ తేదీ ఖరారైంది. అతనిదీ బీడీ అలవాటే. నాయన అటక మీది మూడు బంతుల పెట్టెను దించి, తుడిచి, తమ్ముడికి ఇవ్వబోయాడు. ఒకరి నోట్లో పెట్టుకున్నది ఇంకొకరు వాడకూడదని నేను ఫోన్‌లో వారించాను. కాసేపు అవతల నుంచి మాట లేదు. తర్వాత, "అట్లయితే కొత్తది కొనుక్కొని రేపటి బస్సుకు పంపియ్యి, వానికి మూడు వారాలే ఉండాది" అన్నాడు.